దారి తెలియనివారికి చుట్టమెవరు?

మనుష్యుడు దినమంతయు పలుకు మాటలలో పెక్కుభాగము తెలిసినవారితోడనే పలుకును. ఇంటివారితో, ఇరుగుపొరుగువారితో, తోడి ఉద్యోగులతో, ఆలయమున అర్చకస్వాములతో మాటలాడునప్పుడు ప్రతి మాటకును వెనుక ఒక సంబంధము ఉండును. ఆ సంబంధమును బట్టియే మాటలోని గౌరవము, చనువు, ఓర్పు ఏర్పడుచుండును. ఐతే ఏ సంబంధమును లేని వ్యక్తి వీథిలో ఎదురై ఒక మాట అడిగినప్పుడు మనము అతనికి ఏమైన ఋణపడియున్నామా? అతిథిని గూర్చి మన ధర్మశాస్త్రములు విస్తారముగ చెప్పినవి. కాని అతిథి మన గడప త్రొక్కినవాడు. గడప త్రొక్కక, అన్నము కోరక, నడివీథిలో నిలిచి ఒక్క మాట మాత్రమే అడిగి వెడలిపోవువాని విషయమున గృహస్థుని ధర్మమేమి? ప్రశ్న చిన్నదిగనే కనిపించును. విచారించినకొలది దాని లోతు తెలియును.

హైదరాబాదు నగరమున కాచిగూడ రైలుస్టేషనునకును నారాయణగూడకును చేరువలో బర్కత్‌పుర అను పేట కలదు. ఉర్దూభాషలో ‘బర్కత్’ అనగా శుభసమృద్ధి. 1916లో నిర్మింపబడిన కాచిగూడ స్టేషనులో దిగినవారును, 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన మెట్రో మార్గమున చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో దిగినవారును, జిల్లాల నుండి బస్సులలో వచ్చినవారును ఈ వీథులలో నిత్యము సంచరించుచుందురు. ఉద్యోగుల భవిష్యనిధి కార్యాలయము ఇక్కడనే యున్నది. యాదగిరిగుట్ట శ్రీ లక్ష్మీనరసింహస్వామి దేవస్థానమువారి నగర భవనమును ఇక్కడనే యున్నది. ఒకరు పింఛను పనిమీద, మరియొకరు దైవకార్యము మీద వచ్చి, త్రోవ అడుగుచు తిరుగుట ఈ పేటలో ప్రతిదినము కనిపించెడి దృశ్యము.

క్రిందటి కార్తికమాసమున ఒకనాటి మధ్యాహ్నము మందులును, దీపపు ఒత్తులకు ప్రత్తియు కొనుటకై నేను ఆ వైపునకు పోయితిని. అరువది దాటిన ఒక అమ్మ, చేతిసంచిలో కాగితముల కట్టతో, ఎండలో నిలిచి నలుదెసలు చూచుచుండెను. నన్ను చూచి, “అయ్యగారూ, గుట్ట దేవుని బిల్డింగు యాడుంటది?” అని అడిగెను. నేను పోవలసిన దారియు అటే గనుక ఇరువురమును కలసి నడచితిమి. ఆమె భర్త ఈ నగరమున ఒక కర్మాగారమునందు పనిచేసి కాలము చేసెనట. ఆయన కాగితముల పనిమీద తెల్లవారుజామున ఊరినుండి బయలుదేరి వచ్చెనట. ఆ పని ముగిసినది. తిరుగుబస్సు ఎక్కుటకు ముందు గుట్టమీద సత్యనారాయణ వ్రతము చేసికొను వివరములు కనుగొని పోవలెనని ఆమె తలంపు.

“పొద్దుగాల సంది శానమందిని అడిగిన అయ్యగారూ. ఒకాయన చెవులల్ల ఏందో పెట్టుకున్నడు, ఇనలే. ఒకామె నన్ను జూసి సంచి గట్టిగ పట్టుకొని దాటిపోయింది” అని ఆమె చెప్పెను. ఆ చెప్పుటలో నిష్ఠురము లేదు. వాన కురిసినది, ఎండ కాసినది అని చెప్పినట్లే చెప్పెను. “ముఖమెరుగని వారిని ఇందరిని అడుగుటకు మీకు సంకోచము కలుగలేదా అమ్మా?” అని అడిగితిని. ఆమె నవ్వి, “తోవ తెల్వనోళ్ళకు ఎదురొచ్చినోళ్ళే సుట్టాలు గద అయ్యగారూ!” అనెను. భవనము వచ్చినది. ఆమె లోనికి పోయెను. ఒకరి పేరు మరియొకరము అడుగలేదు.

ఆ ఒక్క మాటను గూర్చియే ఈ వ్యాసము. లోకమున మొదట చుట్టరికము, పిమ్మట మాట. ఆమె ఆ క్రమమును తిరుగవేసెను. మొదట అవసరము, దానినుండి మాట, ఆ మాటనుండి చుట్టరికము. ఇది అమాయకురాలి పలుకని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మన శాస్త్రములును ఈ తీరుననే తలచినవి.

పాణిని మహర్షి ‘సాప్తపదీనము’ అను శబ్దమును సఖ్యమను అర్థమున సాధించుటకు ప్రత్యేకముగ ఒక సూత్రమునే రచించెను. ఏడు పదములచేత ఏర్పడునది స్నేహమని దాని తాత్పర్యము. సంస్కృతమున పదమనగా అడుగు, పదమనగా మాట. ఏడు అడుగులు కలసి నడచినను, ఏడు మాటలు కలసి పలికినను సజ్జనులకు మైత్రి కుదిరినట్లే. మహాభారతమున అరణ్యపర్వమునందు సావిత్రి, తన భర్త ప్రాణములను గొనిపోవుచున్న యమధర్మరాజు వెంట నడచుచు, ఈ న్యాయమునే ఆధారముగ గ్రహించి ఆయనతో ప్రసంగించెను. ఆమెకు ఆయన చుట్టము కాడు, భయంకరుడైన పరాయివాడు. కలసి నడచితిమి గనుక మిత్రులమైతిమని పలికి, ఆ మైత్రి బలము చేతనే సంభాషణ కొనసాగించి, తుదకు భర్త ప్రాణములను పొందెను. మృత్యువుతోడనైనను మర్యాదగ మాటలాడవచ్చునని ఆ కథ మనకు నేర్పుచున్నది.

ఉపనిషత్తు ఇంకను ముందుకు పోయినది. ఛాందోగ్యమున ఆరవ అధ్యాయమునందు ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు ఒక దృష్టాంతము చెప్పును. గాంధారదేశము నుండి ఒక పురుషుని కన్నులకు గంతలు కట్టి తెచ్చి నిర్జనారణ్యమున విడిచిరట. అతడు దిక్కు తెలియక నలుదిక్కులకు తిరిగి మొరపెట్టుచుండగా, ఎవరో ఒకరు వచ్చి కట్టు విప్పి, గాంధారము ఈ దిక్కున నున్నది, ఇటు పొమ్మని చెప్పెనట. బుద్ధిమంతుడైన ఆ పురుషుడు గ్రామము నుండి గ్రామమునకు అడుగుచు పోయి తన దేశము చేరెనట. ఆచార్యుడు లభించినవాడే తత్త్వము నెరుగునని చెప్పుటకు ఉద్దాలకుడు ఎన్నుకొనిన ఉపమానమిది.

ఇందులో రెండు విషయములను మనము సాధారణముగ గమనింపము. మొదటిది, కట్టు విప్పినవాని పేరు ఉపనిషత్తు చెప్పలేదు. అతడు గాంధారము వరకు తోడుపోయినట్లును చెప్పలేదు. వచ్చెను, విప్పెను, దిక్కు చూపెను. అంతటితో అతని పని తీరినది. రెండవది, ఆ ఒక్కడు చూపిన దిక్కుతోడనే ప్రయాణము ముగియలేదు. గ్రామగ్రామమున మరల అడుగవలసివచ్చినది. ప్రతి గ్రామమునను ఎవరో ఒకరు తమ పని నిలిపి సత్యము చెప్పిరి గనుకనే అతడు ఇల్లు చేరెను. వారిలో ఒక్కడు తెలిసియో తెలియకయో తప్పుదారి చెప్పియుండినచో మొదటివాని ఉపకారమంతయు వ్యర్థమైయుండెడిది. దారి చెప్పుట అల్పకార్యమైనచో, ఆచార్యకార్యమునకు దానిని ఉపమానముగ చేయుదురా? వీథిలో అడిగినవానికి సరియైన త్రోవ చెప్పువాడు, ఆ క్షణమున, ఆ కొలతలో, ఆచార్యుడు చేసెడి పనినే చేయుచున్నాడు.

ఇచ్చట గృహస్థులు ఒక న్యాయమైన ఆక్షేపణ చేయుదురు. ‘కాలము మారినది. దారి అడిగినట్లు నటించి మెడలోని గొలుసు లాగుకొని పోవువారున్నారు. ఫోనులో అధికారిననియు, పోలీసుననియు పలికి, రహస్యసంఖ్య చెప్పించుకొని బ్యాంకులోని సొమ్ము అపహరించువారున్నారు. పరాయివారితో మాటలాడవద్దని పిల్లలకు నేర్పుచున్న కాలమున మీరు ఈ చుట్టరికములు చెప్పుట తగునా?’ అని. ఈ భయము అకారణమైనది కాదు. సంచి గట్టిగ పట్టుకొని దాటిపోయిన ఆ స్త్రీని నిందించుటకు నాకు నోరు రాదు. ఆమె ఎన్ని విన్నదో, ఏమి పోగొట్టుకొన్నదో మనకు తెలియదు.

ఈ ఆక్షేపణ వాల్మీకి మహర్షికిని తెలియును. శ్రీమద్రామాయణమున ఇద్దరు అపరిచితులు సన్న్యాసివేషమున వచ్చి మాటలాడుదురు. అరణ్యకాండమున పంచవటిలో సీతమ్మ యెదుట నిలిచినవాడు రావణుడు. కిష్కింధాకాండమున పంపాతీరమునకు చేరువలో రామలక్ష్మణుల యెదుట నిలిచినవాడు హనుమంతుడు. వేషము ఒక్కటే. ఇద్దరును ఎదుటివారి రూపమును ప్రశంసించిరి. ఇద్దరును ‘మీరెవరు, ఈ వనమున ఏల సంచరించుచున్నారు’ అని అడిగిరి. మరి భేదమెక్కడ?

రావణుడు తనను గూర్చి చెప్పకమున్నే సీతమ్మ వృత్తాంతమంతయు విని, ఆమె తిరిగి అడిగిన పిమ్మటనే తానెవరో బయటపెట్టెను. హనుమంతుడో, రామలక్ష్మణులు బదులు పలుకక మౌనముగ నుండగనే, తన పేరు చెప్పెను, తనను పంపిన సుగ్రీవుని సంగతి చెప్పెను, తాను ధరించినది మారువేషమనియు చెప్పెను. మోసగాడు మన గుట్టు ముందుగ కోరును, తన గుట్టు దాచును. సత్పురుషుడు తన్ను తాను ముందుగ తెలుపుకొనును. శ్రీరామచంద్రుడు ఆ మాటలు విని, ఇంత శుద్ధముగ మాటలాడువాడు వేదములును వ్యాకరణమును అభ్యసించినవాడు కావలయునని లక్ష్మణునితో ప్రశంసించెను. అనగా వేషమును కాక పలుకును చూచి నిర్ణయించెను.

సీతమ్మ అతిథిధర్మమును పాటించినది. అందులో ఆమె దోషమేమియు లేదు. దోషమంతయు ఆ ధర్మమును వలగా పన్నినవానిది. అతడు అపహరించినది సీతమ్మను మాత్రమే కాదు. పిమ్మట వచ్చెడి నిజమైన భిక్షువులందరిపై లోకులకుండవలసిన విశ్వాసమును గూడ అపహరించెను. తరువాత అశోకవనమున నిజమైన రామదూత వచ్చి నిలిచినప్పుడు, ఇతడును మారువేషమున వచ్చిన రావణుడేమో అని ఆ తల్లి శంకించినది. నేటి వంచకుడు చేయుచున్న ద్రోహమును ఇంతటిదే. ఎండలో కాగితముల సంచితో నిలిచిన నిరుపేదకు అందవలసిన ఒక్క మాటను అతడు ఎక్కడనో ఉండి దొంగిలించుచున్నాడు.

ఐనను సీతమ్మ ఆ శంకతోడనే ఆగిపోలేదు. హనుమంతుని పరీక్షించినది. రాముని చిహ్నములెట్టివని, నరులకును వానరులకును చెలిమి ఎట్లు కలిగెనని ప్రశ్నించినది. హనుమంతుడు కోపింపలేదు, తొందరపెట్టలేదు. అడిగినదానికంతటికిని ఓపికగ సమాధానము చెప్పెను. దీనినుండి మనకు ఒక గుర్తు దొరకుచున్నది. పరీక్షకు నిలుచువాడు మంచివాడు. పరీక్షింపబోగా గద్దించువాడును, ఈ క్షణమే చేయుమని తొందరపెట్టువాడును అనుమానింపదగినవాడు. కాబట్టి అపరిచితుని పరీక్షించుట పాపము కాదు. పరీక్షింపకయే నమ్ముట తెలివిమాలినతనము. పరీక్షింపకయే మొగము త్రిప్పుకొనుటయు తెలివి అనిపించుకొనదు. దారి చెప్పుటకు మన రహస్యములతో పనిలేదు, మన సొమ్ముతో పనిలేదు, వెంట పోవలసిన పనియు లేదు. అడిగినది ఆ హద్దులో నున్నంతవరకు భయమునకు కారణమేమి?

ఇంకొక విషయము. దారి చెప్పువాడు దాత, అడుగువాడు యాచకుడు అని మనము తలచుచుందుము. భగవద్రామానుజుల చరిత్రలోని ఒక ఘట్టము ఈ తలంపును సవరించును. శ్రీరామానుజులవారు మధురకవి ఆళ్వారుల అవతారస్థలమైన తిరుక్కోళూరునకు వేంచేయుచుండగ, ఆ ఊరు విడిచి పోవుచున్న ఒక సామాన్యస్త్రీ ఎదురుపడెను. అందరును చేరగోరెడి దివ్యదేశమును నీవేల విడిచిపోవుచున్నావని స్వామివారు ఆమెను అడిగిరి. ఆమె మహాభక్తుల చేతలను ఎనుబదియొకటి వరుసగ పేర్కొని, వాటిలో ఒక్కటియైనను చేయని నేను ఇక్కడ నుండుటకు అర్హురాలనా అని బదులు చెప్పెను. ఆ ఎనుబదియొక్క వాక్యములే ‘తిరుక్కోళూర్ పెణ్పిళ్ళై రహస్యము’ అను పేర శ్రీవైష్ణవ సంప్రదాయమున నేటికిని అధ్యయనము చేయబడుచున్నవి. జగదాచార్యుడు అడిగెను, పేరైనను నిలువని ఒక బాటసారిణి బోధించెను. స్వామివారు పరాయి స్త్రీతో మనకేమి పని అని సాగిపోయియున్నచో ఆ రహస్యగ్రంథము లోకమునకు దక్కెడిది కాదు. యాదృచ్ఛికముగ జరిగెడి సంభాషణలో ఆచార్యుడెవరో శిష్యుడెవరో ముందుగ నిర్ణయించుట ఎవరి తరమును కాదు.

యాదృచ్ఛికమను మాట వచ్చినది గనుక పూర్వాచార్యుల సిద్ధాంతమును స్మరింపవలెను. జీవుడు సదాచార్యుని చేరుటకు పూర్వము నడచెడి మెట్లను పెద్దలు ఆరింటిని చెప్పిరి: ఈశ్వరుని సౌహార్దము, యాదృచ్ఛిక సుకృతము, విష్ణుకటాక్షము, అద్వేషము, ఆభిముఖ్యము, సాత్త్వికులతోడి సంభాషణము. ఈ ఆరింటిలో చివరిది సంభాషణమే యగుట గమనింపదగును. రెండవదైన యాదృచ్ఛిక సుకృతమనగా తలపెట్టకయే జరిగిన మేలు. పిళ్ళై లోకాచార్యులవారు శ్రీవచనభూషణమున దీనిని మనోహరముగ నిరూపించిరి. భగవంతుడు జీవుని రక్షించుటకు ఏదో ఒక నెపము వెదకుచుండునట. ఇతడు మాటవరుసకు నా ఊరి పేరు పలికినాడు, నా పేరు పలికినాడు, నా భక్తుని దాహము తీర్చినాడు, వానికి నిలుచుటకు నీడ యిచ్చినాడు అని, చేసినవాడెరుగని మేలును తాను పుణ్యముగ వ్రాసికొనునట. బర్కత్‌పుర మలుపున పండ్లబండి నడుపువాడు ‘గుట్ట భవనము ఆ ప్రక్కన’ అని చేయి చూపినప్పుడు, తాను భగవంతుని దివ్యక్షేత్రమును కీర్తించితినని అతడెరుగడు. అతడు ఏ మతస్థుడైనను కావచ్చును. స్వామి ఎరుగును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఎరుగక చేసినది గనుకనే అది యాదృచ్ఛికము. ఈ సిద్ధాంతము తెలిసికొనిన మనము, పుణ్యము వచ్చునని తలచి త్రోవ చెప్పినచో, అది ఎరుగక చేసినది ఎట్లగును? అది బేరమే యగును గదా? తెలిసికొనుట చేతనే మనము ఆ భాగ్యమును పోగొట్టుకొంటిమా?

సమాధానమిది. యాదృచ్ఛిక సుకృతము మనము ఆచరించుటకు విధింపబడిన సాధనము కాదు. అది భగవంతుని స్వభావమును తెలుపు మాట. ఆ ఆరు మెట్లలో మొదటిది ఆయన సౌహార్దమే గదా! ఆయనకు మనపై ముందే మైత్రి కలదు గనుక నెపము వెదకుచున్నాడు; నెపము దొరకినదని మైత్రి చూపుటలేదు. బిడ్డ తప్పటడుగు వేయగానే తల్లి పరుగెత్తి ఎత్తుకొనును. ఆ అడుగు ఆమె ప్రేమకు మూలము కాదు, సాకు మాత్రమే. ఈ రహస్యము తెలిసిన వైష్ణవుడు పుణ్యపు లెక్కలు పెంచుకొనడు. లెక్క వ్రాయు పనినే విడిచిపెట్టును. లెక్క ఆయనది. ఎదుటివాని ముఖము చూచి సత్యముగ బదులు చెప్పుట మనది. ఆ బదులు చెప్పునప్పుడు మన దృష్టి పుణ్యము మీద కాక అతడు చేరవలసిన చోటు మీద నున్నచో, సిద్ధాంతము తెలిసినను మన మాట నిర్మలముగనే యుండును.

అపరిచితునితోడి మాటకు గల విశేషము ఇదియే. తెలిసినవారికి చేసిన మేలునకు కృతజ్ఞతయో, కీర్తియో, ప్రతిఫలమో ఏదో ఒకటి తిరిగివచ్చును. పేరెరుగని, మరల కనబడని వ్యక్తికి చెప్పిన మాటకు ఏదియు తిరిగిరాదు. ఫలాపేక్షలేని కర్మను గూర్చి మనము గీతాపారాయణములలో వినుచున్నాము. దానిని అభ్యసించుటకు అడవులకు పోనవసరము లేదు. వీథిచివర నిలిచినవాడు నిమిషము పాటు మనకు ఆ అవకాశమిచ్చి పోవుచున్నాడు.

కావున భాగవతుల గృహములలో కొన్ని నియమములు పాటించుట మంచిది. అడిగినప్పుడు ఆగవలెను, ఆగలేనంత తొందర యున్నచో ఆ మాటయైన మృదువుగ చెప్పవలెను. తెలిసినంతవరకే చెప్పవలెను. తెలియనిచో తెలియదని చెప్పుట అవమానము కాదు. తిరుమలలోగాని, గుట్టలోగాని, భద్రాచలములోగాని తప్పుదారి చెప్పబడిన వృద్ధుడు నడచెడి ప్రతి అధికమైన అడుగును చెప్పినవాని ఖాతాలోనిదే. అడిగినదానికి మించి ఉపదేశములు చేయరాదు. ఎండలో నిలిచినవానికి కావలసినది త్రోవ, స్థలపురాణము కాదు. మన గుట్టు చెప్పరాదు, వారి గుట్టు అడుగరాదు. పిల్లలకు ‘పరాయివారితో మాటలాడకుము’ అని మాత్రమే నేర్పి ఊరకుండరాదు. ‘నలుగురు చూచుచున్న చోట నిలిచి మర్యాదగ బదులు చెప్పుము, వెంట పోకుము, ఇంటి సంగతులు చెప్పకుము, శంక కలిగినచో పెద్దలను పిలువుము’ అని పూర్తిగ నేర్పవలెను. సగము నేర్పిన జాగ్రత్త పిల్లలను పిరికివారిని చేయును. పూర్తిగ నేర్పినది వివేకవంతులను చేయును.

తుదకు ఒక్క మాట. ఎంతటి పండితుడైనను, ఎంతటి ధనికుడైనను దారి తెలియక నిలువవలసిన దినము ఒకటి కలదు. శరీరము విడిచిన జీవుడు పోవలసిన అర్చిరాది మార్గము మనలో ఎవరును నడచి చూచినది కాదు. అందు బంధువులు తోడురారు, సంపాదించిన సొమ్ము తోడురాదు. ఆ మార్గమున అర్చిస్సు, పగలు, శుక్లపక్షము మొదలుగాగల దేవతలు ‘ఆతివాహికులు’, అనగా త్రోవ చూపి దాటించువారు, అని బ్రహ్మసూత్రములు నిర్ణయించినవి. కడపట అమానవపురుషుడు వచ్చి జీవుని పరబ్రహ్మమును చేర్చునని ఛాందోగ్యము చెప్పుచున్నది. వారితో మనకు ఈ లోకమున ముఖపరిచయము లేదు. మనము వారికి చేసిన ఉపకారమును లేదు. ఐనను వారు ఎదురువచ్చి చేయిపట్టి నడిపింతురు. వారిని పంపినవాడు మనకు మొదటినుండియు చుట్టమైనవాడు గనుక.

ఆ శ్రియఃపతి, దారి తెలియక నిలిచిన ప్రతి ప్రాణిని ఆదరముతో పలుకరించు మనస్సును మనకు ప్రసాదించుగాక!